పచ్చబొట్టు చెరిపిన కంప్యూటరు

మా కోడలి కంప్యూటరులో ఒకామె ఉంది. మనిషి కాదు, గొంతు మాత్రమే. కంప్యూటరుతో పాటే వచ్చింది, విడిగా కొనుక్కొచ్చింది కాదు. కోడలు దాన్ని అసిస్టెంట్ అంటుంది. మూడో తరగతిలో బడి మానేసిన దాన్ని కాబట్టి నా నోరు తిరిగే పేరు నేను పెట్టుకున్నాను: లోపలామె. తెర కింద మూలన చిన్న గుర్తు ఉంటుంది, దాని మీద నొక్కితే పలుకుతుంది. తెలుగులో అడిగితే తెలుగులోనే చెబుతుంది. కాకపోతే రేడియోలో వార్తలు చదివినట్టు చెబుతుంది.

జనగామలో మా ఇంటి ముందరి గదే కోడలి దుకాణం. ఆమె ఫ్లెక్సీలు తయారుచేస్తుంది. పుట్టినరోజులకు, పెండ్లిళ్లకు, పండుగ శుభాకాంక్షలకు, ఓట్లప్పుడు లీడర్లకు. ఫొటోలు కుదిర్చి, అక్షరాలు పేర్చి ఆమె పంపిస్తే బస్టాండు దగ్గరి మిషను వాళ్లు అచ్చువేసి ఇస్తారు. ఈ పనిలో కంప్యూటరు తెలిస్తే చాలదు, మనుషులు తెలియాలి. ఫ్లెక్సీలో అన్న తల కంటే తమ్ముడి తల పెద్దదైతే ఇంటి మీదికి వస్తారు. బావమరిది ఫొటో మరిచిపోతే పెండ్లే ఆగినంత పని అవుతుంది. అందరికీ ఉండే ఒకటే కోరిక ఏమిటంటే, "అక్కా, జర తెల్లగ చెయ్యరాదే."

నేను గడపలో కూర్చుని కందికాయలు ఒలుస్తూనో, బియ్యంలో రాళ్లు ఏరుతూనో ఇదంతా చూస్తుంటాను. కోడలు లోపలామెతో మాట్లాడుతుంటే నాకు ముచ్చటేస్తుంది. కొత్తగా పనికి కుదిరిన మనిషికి పని చూపినట్టు చూపుతుంది. ఒకసారి చెప్పింది సరిగ్గా చేయకపోతే కసురుకోదు. ఇంకో తీరుగా చెబుతుంది. నేను మా ఇంట్లో కోడలిగా అడుగుపెట్టినప్పుడు నాకు ఎవరూ అంత ఓపికగా చెప్పలేదు.

ఇప్పుడు చెప్పబోయేది మా చిన్నమ్మ ఫొటో సంగతి. చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. దంతాలపల్లిలో ఉండేది. నాగలి పట్టడం తప్ప వ్యవసాయంలో ఆమె చేయని పని లేదు. మొన్న చలికాలంలో కన్నుమూసింది. మా అమ్మ అంతకు చాలా ఏండ్ల ముందే పోయింది.

మట్టి చేసి వచ్చాక, దినాలనాడు ఫొటో పెట్టి ముందర బువ్వ పెట్టాలి కదా, ఫొటో ఏదని వెతికితే ఇంట్లో ఒక్కటీ లేదు. చిన్నమ్మ ఫొటో అంటే ఆమడ దూరం ఉరికేది. ఎవరైనా సెల్లు ఎత్తితే చాలు, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునేది. "నా మొకం ఏం సూస్తర్రా, సూసేటందుకు మీ పెండ్లాలు లేరా" అనేది. రేషను కార్డులాంటి కాగితాల మీద ఉన్న చిన్న ఫొటోలు చూస్తే అందులో ఉన్నది ఆమో, వాళ్ల పక్కింటామో ఎవరూ చెప్పలేరు.

చివరికి ఆమె కొడుకు, నాకు తమ్ముడు, తన సెల్లులో ఒకటి పట్టుకున్నాడు. వాడు భూపాలపల్లిలో బొగ్గుబావిలో పని చేస్తాడు. అక్కడ ఇల్లు కట్టుకుని ఇంట్లోకి పోయిననాడు, వంటవాళ్లు పెద్ద గంజులో బగారన్నం వండుతుంటే వాడు ఆ గంజును ఫొటో తీశాడు. చిన్నమ్మ గంజు అంచు దగ్గర నిలబడి, వంటాయనను ఏదో అడుగుతూ ఉంది. ఆమెను తీస్తున్నారని ఆమెకు తెలియదు, ఆమె ఫొటోలో పడిందని వాడికీ తెలియదు. ముఖం బొటనవేలి గోరంత ఉంది. ఆవిరికి మసకగా ఉంది. కానీ కొంగు అడ్డం లేదు.

వాడు ఆ ఫొటో కోడలి సెల్లుకు పంపాడు. చిన్నబాపు, అంటే చిన్నమ్మ భర్త, తొర్రూరులో బస్సు మారి పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. ఫోనులో చెప్పలేక వచ్చాడని అర్థమైంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. కంప్యూటరు పక్కన నిలబడ్డాడు.

"బిడ్డా, జర మంచిగ తియ్యి. గా ఫొటో ఒక్కటే ఉన్నది. ఇగ ఆమెను మల్ల తీసేది లేదు," అన్నాడు కోడలితో.

"తీస్త తాతా. నువ్వు కూసో ముందుగాల," అంది కోడలు.

గంజును, వంటాయనను పక్కకు తీసేసి చిన్నమ్మ ముఖాన్ని పెద్దది చేసింది. లోపలామెను పిలిచి, ముఖం సాఫుగా కనబడేటట్టు చేయమంది. తెర మీద చిన్న చక్రం తిరిగింది. ఏమాటకామాటే చెప్పాలి, మంచు విడిచినట్టు విడిచింది. చీర అంచు కనబడింది. ముక్కుపోగు కనబడింది. చెవి పక్కన చెదిరిన వెంట్రుకలు కూడా కనబడ్డాయి. నేను ఒలుస్తున్న కాయలు వదిలేసి లేచి వచ్చాను.

చిన్నబాపు అద్దాలు తుడుచుకుని వంగి చూశాడు. తర్వాత కోడలి వైపు చూశాడు.

"ఎవలు బిడ్డా ఈమె?"

"అదేంది తాతా, మన అవ్వనే గదా."

"మా ఆమెనా? గిది ఎవలో పట్నం సార్లింటామె లెక్కున్నది. మా దాని పచ్చబొట్లు ఏయి?"

అప్పుడు చూసుకున్నాం. నుదుటి మీద నిలువుగీత లేదు. కణతల దగ్గరి చుక్కలు లేవు. గడ్డం మీద చుక్క లేదు. ముఖం ముడతలు పోయి గోధుమరంగులో నున్నగా మెరుస్తోంది. మా చిన్నమ్మ చామనఛాయ కూడా కాదు, నల్లటి మనిషి. ఎండలో మిరప తోటలో నిలబడితే చీరే కనబడేది.

పచ్చబొట్టు అంటే ఇప్పటి పిల్లలకు ఏదో సోకు. వాళ్లకు అది సోకు కాదు. మా అమ్మా, చిన్నమ్మా చిన్నప్పుడు ఒకే పూట పొడిపించుకున్నారట. గంప నెత్తిన పెట్టుకుని వాడవాడ తిరిగే ఆమె దీపం మసి, ఆకు పసరు కలిపి సూదులతో పొడిచిందట. నొప్పికి చిన్నమ్మ మా అమ్మ చేతిని కొరికితే, మా అమ్మ సూదుల నొప్పికి కాదు, ఆ కాటుకు ఏడ్చిందట. ఇద్దరికీ గడ్డం మీద ఒకే తీరు చుక్క వేయించింది మా అమ్మమ్మ. చచ్చాక ఒంటి మీది సొమ్ములన్నీ తీసుకుంటారు, వెంట వచ్చేది పచ్చబొట్టే అని మా ఊళ్లలో అంటారు. అక్కాచెల్లెండ్లు పైన ఒకరినొకరు గుర్తుపట్టాలి కదా. అందుకని ఒకటే గుర్తు.

కోడలు లోపలామెకు మళ్లీ చెప్పింది: నుదుటి మీద, గడ్డం మీద బొట్లు ఉండాలి, పెట్టు అని. లోపలామె నుదుట ఇంత ఎర్రటి కుంకుమబొట్టు పెట్టింది.

"ముత్తైదువగనే పోయింది, కుంకుమ ఉండాల్సిందే. గది మేం పెట్టుకుంటం. పచ్చబొట్టు ఏది?" అన్నాడు చిన్నబాపు.

పచ్చబొట్టు అంటే ఒంటి మీద పొడిచేదని కోడలు వివరంగా చెప్పింది. ఈసారి లోపలామె గడ్డం నుంచి చెంపదాకా ఆకులు, పూలతో ఒక తీగ గీసింది. నాకు నవ్వు వచ్చింది కానీ చిన్నబాపు ముఖం చూసి మింగేశాను.

ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "ఫొటో వద్దు, ఏం వద్దు. కుర్చీల ఆమె చీర పెట్టి మొక్కుకుంటం. గీ మొకం పెడితే ఊరోళ్లు గాదు, మీ అమ్మ గూడ గుర్తువట్టది ఆమెను," అన్నాడు నాతో.

చేయి పట్టుకుని కూర్చోబెట్టాను. "ఉండు చిన్నబాపూ. చాయ తాగు. పొల్ల చేస్తది," అన్నాను. చేస్తుందని నాకేం తెలుసు? కోడలి మీద ఉన్న నమ్మకంతో అన్నాను.

కోడలు కంప్యూటరు మూసి మళ్లీ తెరిచింది. అదే నున్నటి ముఖం. బస్టాండు దగ్గరి మిషనాయనకు ఫోను చేసి అడిగింది. ఆయన ఫోనులో మాట్లాడితే వీధి చివరిదాకా వినబడుతుంది. "అసిస్టెంట్‌ను మొత్తానికే బందు పెట్టు, చెల్లే. పీడ పోతది," అన్నాడు.

"బందు పెడితే ఫొటో సాఫు చేసేదెవలు అన్నా? ఎందుకు చేస్తుందో తెలువకుంట తీసేస్తే, తెలువకుంటనే మల్ల వస్తది," అని ఫోను పెట్టేసింది.

అప్పుడు ఆమె చేసిన పని చూడాలి మీరు. కూరలో ఏది ఎక్కువైందో ఒక్కొక్కటి రుచి చూసి పట్టినట్టు పట్టింది. ముందు లోపలామెతో పని లేకుండా ఫొటోను ఊరికే తెరిచింది. మసకగానే ఉంది, కానీ గడ్డం మీద మరక లాంటిది ఉంది. "అంటే ఫొటోల తప్పు లేదు," అంది. తర్వాత నా ఫొటో తెరిచి లోపలామెకు ఇచ్చింది. నా ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉంది, మిరియమంత. అది మాయమైంది. తర్వాత ఎవరో అంగడిలో అమ్మకానికని ఫ్లెక్సీకి ఇచ్చిన బర్రె ఫొటో ఇచ్చింది. బర్రె నుదుటి మీది తెల్లమచ్చ అట్లాగే ఉంది.

"బర్రెకున్న మర్యాద మనకు లేదే కోడలా," అన్నాను.

"గదే అత్తమ్మా. మనుషుల మొకాలే తోముతుంది ఇది. అడుగుదాం, ఎందుకు తోముతున్నవని."

అడిగింది. నేనైతే తిట్టేదాన్ని. ఆమె తిట్టలేదు. ప్రతి ముఖం మీదా మచ్చలు ఎందుకు తీసేస్తున్నావు అని నిదానంగా అడిగింది.

లోపలామె వార్తల గొంతుతో చెప్పింది: "మీరు ఇంతకుముందు ఇచ్చిన సూచన ప్రకారం, ముఖాల మీది మచ్చలను తొలగించి రంగును తేటగా మారుస్తున్నాను. మళ్లీ అడగవద్దని కూడా మీరు చెప్పారు."

కోడలు నెత్తి మీద చేయి పెట్టుకుంది. తర్వాత పకపకా నవ్వింది.

"నేనే చెప్పిన అత్తమ్మా! సర్పంచి ఓట్లప్పుడు. దినాం గంత మంది వచ్చి తెల్లగ చెయ్యి, తెల్లగ చెయ్యి అని పానం తింటుంటే, ఏ మొకమొచ్చినా మచ్చలు తీసి తెల్లగ చెయ్యి, నన్ను అడగకు అన్న. గది ఇంక మనసుల పెట్టుకొనే ఉన్నది."

"మంచి కోడలు లెక్కున్నది," అన్నాడు చిన్నబాపు. పొద్దుటి నుంచి ఆయన నోట వచ్చిన మొదటి మెత్తటి మాట అది. "ఒక్కపారి చెప్తె ఇడువది."

ఆ మాట మరిచిపొమ్మని కోడలు లోపలామెకు చెప్పింది. మరిచిపోయానని లోపలామె అంది. అనగానే మా కోడలు ఊరుకోలేదు. లోపల సెట్టింగులు ఉంటాయట, అక్కడికి పోయి తన కండ్లతో చూసింది. తెల్లగా చేయాలన్న మాట పోయింది కానీ మచ్చల మాట ఇంకా అక్కడే ఉంది. దాన్ని చేతితో తీసేసింది. మళ్లీ నా ఫొటో ఇచ్చి చూసింది. నా మిరియం నా చెంప మీదికి వచ్చి కూర్చుంది.

ఇక అయిపోయిందనుకున్నాం. చిన్నమ్మ ఫొటో ఇస్తే మళ్లీ నున్నటి ముఖమే! చిన్నబాపు నిట్టూర్చాడు. కోడలు మాత్రం తెర మీది నుంచి చూపు తిప్పలేదు. "దీని తప్పు కాదు. పొద్దుగాల తోమిన కాపీనే మల్లమల్ల ఇస్తున్న. చెరిగిపోయినదాన్ని అది యాడికెళ్లి తెస్తది?" అంది. ఆ కాపీలన్నీ తీసేసింది. అంతటితో ఆగకుండా, సెల్లులో వచ్చిన ఫొటో కూడా దారిలో నలిగి చిన్నదై వస్తుందని చెప్పి భూపాలపల్లికి ఫోను కలిపి స్పీకరు పెట్టింది. దినాలదాకా సెలవు దొరకక మళ్లీ పనికి పోయిన తమ్ముడు, డ్యూటీ దిగి అప్పుడే ఇంటికి వచ్చాడట.

"మొన్ననే పంపిన గదా," అన్నాడు వాడు.

"గట్ల గాదు మామా. ఫొటో లెక్క పంపితే చిన్నగైతది. డాక్యుమెంట్ అని ఉంటది సూడు, గండ్లకెళ్లి పంపు. గంజు, వంటాయన అందరు ఉండాలె, నువ్వేం కత్తిరియ్యకు."

"అక్కా," అన్నాడు వాడు నాతో, "బాపు ఎట్లున్నడే?"

"చాయ తాగిండు," అన్నాను. ఇంకేం చెప్పను?

ఫొటో వచ్చింది. ఈసారి తెర మీద ఎంత పెద్దది చేసినా ముఖం విరిగిపోలేదు. కోడలు లోపలామెను కొత్తగా పిలిచింది, పొద్దుటి మాటలేవీ వెంట రాకుండా. నేను ఆమె అన్న మాటలు ఇంకా మరిచిపోలేదు.

"ఈమె మొకం మీద పచ్చబొట్లు ఉన్నయి. అవి మచ్చలు గావు, తియ్యొద్దు. ముడతలు తియ్యొద్దు. రంగు మార్చొద్దు. నువ్వు కొత్తగ ఏం గియ్యొద్దు. ఫొటోల ఉన్నదాన్నే జర కనబడేటట్టు చెయ్యి. తెలువకపోతే నన్నడుగు."

లోపలామె నిజంగానే అడిగింది. గడ్డం మీద రెండు గుర్తులు కనిపిస్తున్నాయి, రెండింటినీ ఉంచాలా అని.

"రెండెక్కడివి? ఒకటే చుక్క. మా అమ్మకూ ఒకటే," అన్నాను నేను.

"రెండే," అన్నాడు చిన్నబాపు.

"ఒకటే చిన్నబాపూ. నేను పుట్టినప్పటి సంది సూస్తున్న."

"నువ్వు పుట్టకముందు సంది సూస్తున్న నేను."

కోడలు మా ఇద్దరి మధ్యలో తల దూర్చలేదు. "మీరు కొట్లాడుండ్రి, నేను ఫొటోను అడుగుత," అని రెండూ ఉంచమంది. చక్రం తిరిగింది. మేం ముగ్గురం తెర మీదికి వంగాం.

చిన్నమ్మ వచ్చింది. నల్లటి ముఖం, ఎండకు ముడుచుకున్న కండ్లు, నుదుట నిలువుగీత, కణతల దగ్గర చుక్కలు. వంటాయనను అడుగుతున్నది ఏమిటో కూడా నాకు వినబడినట్టయింది, ఉప్పు చూసినవా అని అడుగుతోంది. గడ్డం నడుమ పాచిరంగు చుక్క, మా అమ్మకు ఉన్నట్టే. దానికి కొంచెం కింద, దవడ నీడలో, ఇంకోటి. అది ఆకుపచ్చ కాదు, నలుపు.

"గది పుట్టుమచ్చ," అన్నాడు చిన్నబాపు మెల్లగా. "రెండున్నయన్నగా."

నేను అరవై ఏండ్లకు దగ్గరపడ్డ మనిషిని. ఆ పుట్టుమచ్చ సంగతి నాకు తెలియదు. ఆ నీడలోకి చూసే దగ్గరితనం ఆయనకొక్కడికే ఉందేమో.

నాకు లోపలామె మీద కోపమంతా పోయింది. గోరంత ముఖంలో నుంచి, ఆవిరి వెనుక నుంచి, మనిషిని తెచ్చి నిలబెట్టింది. తెర దగ్గరికి వంగి "శభాష్ బిడ్డా" అన్నాను. "ధన్యవాదాలు. ఇంకేమైనా సహాయం కావాలా?" అంది.

"గంత మర్యాద నేర్చుకో," అన్నాను కోడలితో. "నాకు నేర్పుమని దానికే చెప్పరాదూ," అంది ఆమె. కానీ నా మెచ్చుకోలు సగం లోపలామెకైతే ముప్పాతిక మా కోడలికి. లెక్క కుదరదని నాకు తెలుసు, అయినా అంతే. తప్పు ఎక్కడుందో దొరికినదాకా దేన్నీ తిట్టలేదు, తన తప్పని తేలితే దాచలేదు, దిద్దాను అని అది చెబితే సరిచూసుకోకుండా నమ్మలేదు. ఇప్పుడు లోపలామెకు ఆమె పెట్టిన ఆన ఒకటే: ఏ ముఖాన్ని ముట్టుకునే ముందైనా అడగాలి. గిరాకీ వచ్చినా అడుగుతుంది, "అన్నా, మచ్చలు ఉంచాల్నా, తియ్యాల్నా?" అని. ఎక్కువ మంది తీయమనే అంటారు. అది వాళ్ల ఇష్టం.

దినాలనాడు దంతాలపల్లిలో ఇంటి ముందర షామియానా కింద కుర్చీలో ఫొటో పెట్టారు. పూలదండ వేశారు. కుంకుమ నేను పెట్టాను, నిలువుగీత మూయకుండా కొంచెం కిందికి. వాడకట్టు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఫొటో ముందర కూలబడి, ఆమెతో మాట్లాడినట్టే మాట్లాడి ఏడ్చారు. నాట్లకు ఆమె వెంట పోయిన ముసలామె ఒకతి గడ్డం మీది చుక్కను వేలితో తడిమి, "పోయినవా పిల్లా, నన్ను మడిల ఇడిసిపెట్టి" అంది. ఎవరూ ఇది ఎవరి ఫొటో అని అడగలేదు.

అందరూ మొక్కాక చిన్నబాపు వచ్చాడు. మా ఇండ్లల్లో ఆ తరం మగవాళ్లు నలుగురిలో భార్య ముఖంలోకి నేరుగా చూడరు. పిలవాలన్నా "ఏమే" అని గోడను చూస్తూ పిలుస్తారు. నా ఎరుకలో ఆయన ఆమెను అందరి ముందర కన్నెత్తి చూసింది లేదు. ఆరోజు ఫొటో ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కూర్చుని, చూడడం మొదలుపెట్టాడు.

మంది కదలడం మానేశారు. ఫొటో ముందర ఆకులో పెట్టిన బువ్వ చల్లారిపోతోంది. దినాల వంట చేసినాయన వచ్చి, భోజనాల బంతి వేయాల్నా అని తమ్ముణ్ణి అడిగాడు.

"ఆగన్నా," అన్నాడు తమ్ముడు. "జర సూడనియ్యి."